ఇరవై మూడో పేపరు

ఆదివారం పదకొండూ ఇరవైకి ఆమె నాకు ఫోన్ చేసింది. నేను తీయలేదు. పదకొండూ ఇరవై నాలుగుకి మళ్ళీ చేసింది. పదకొండూ నలభైకి మూడోసారి. నా ఫోన్లో ఆమె నంబరు ‘విషాల డాక్టరు’ అనే పేరు మీద ఉంది. తొమ్మిదేళ్ళుగా ఆ పేరు తెర మీదికి రాలేదు. వచ్చిన రోజున నేను ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. చేతిలో బట్ట చేతిలోనే ఉండగా, అది మోగి మోగి ఆగేదాకా చూస్తూ నిలబడ్డాను.

సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు ఆమె తన ల్యాబులో, తన కుర్చీలోనే చనిపోయి కనిపించింది. సముద్రజీవుల్లో ఉండే విషాల మీద ఇరవై ఆరేళ్ళు పనిచేసిన మనిషి, అలాంటి విషం వల్లే పోయింది.

మంగళవారం ఆమె చెల్లెలు నా ఆఫీసుకు వచ్చింది. నలభై ఐదేళ్ళుంటాయి. ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. మధ్యవేలికి ఎర్రసిరా మరక. కూర్చోగానే నా టేబుల్ మీదున్న విజిటింగ్ కార్డు తీసి చదివింది.

“‘పరిశోధన’లో ధకి ఒత్తు పోయింది” అంది.

ఉద్యోగం వదిలేసి ప్రైవేటు డిటెక్టివ్‌గా కూర్చున్న ఈ ఆరేళ్ళలో ఆ కార్డులు ఎంతమందికి పంచానో లెక్కలేదు. ఒక్కరూ ఆ మాట చెప్పలేదు.

“ఇన్‌స్పెక్టరు గారు ఆత్మహత్య అంటున్నారు” అంది. “మా అక్క అలాంటిది కాదు అని నేననను. ఆ మాట అందరూ అంటారు. నా దగ్గర వేరే ఉంది.”

సంచిలోంచి రెండు కాగితాలు తీసింది. మొదటిది ల్యాబు కంప్యూటర్లో దొరికిన ఉత్తరానికి ఫొటో. రెండే వాక్యాలు.

‘నా పని వల్ల ఒక నిర్దోషి జైల్లో చనిపోయాడు, ఆ సంగతి ఇంత ఆలస్యంగా ఒప్పుకుంటున్నందుకు నన్ను క్షమించండి. ఇక ఈ భారం నేను మోయలేను.’

“ఇది చచ్చిపోతూ రాసిన ఉత్తరం కాదండీ” అంది చెల్లెలు. “ఒక పత్రికకి రాసిన ఉత్తరంలో మొదటి పేరా. ‘చనిపోయాడు’ తర్వాత అక్క ఫుల్‌స్టాప్ పెట్టింది. అది కామా చేసింది నేను. శుక్రవారం సాయంత్రం, మా ఇంట్లో, ఈ చేత్తోనే.”

“మిగతా ఉత్తరం?”

“అక్క తీసుకెళ్ళిపోయింది.” కళ్ళు దించుకుంది. నేనది దుఃఖం అనుకున్నాను.

“దేని గురించి ఆ ఉత్తరం?”

“ఎప్పుడో అచ్చయిన పేపరు ఒకటి వెనక్కి తీసుకుంటున్నానని. ఆర్నెల్ల కిందటే తీసుకుంటానంది. నేనే వద్దన్నాను. ‘ఇన్నేళ్ళ పేరు పోతుందే, నీకెందుకా గొడవ’ అన్నాను. అప్పుడే పంపించి ఉంటే...”

రెండో కాగితం ఆమె అక్క రాసిన పరిశోధనా పత్రాల జాబితా. మొత్తం అరవై ఒకటి. సంవత్సరం, శీర్షిక, పత్రిక పేరు, ఒక్కోదానికి ఒక్కో వరస.

“ప్రతి ముక్కా నేనే దిద్దాను. అందులో సగం నాకర్థం కాదు. కానీ ఏది ఎప్పుడు వెళ్ళిందో, ఏది తిరిగొచ్చిందో, ఏది అచ్చయిందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను.”

జాబితా చూశాను. మొదట్లో చేపల్లో విషాలు, తర్వాత నీటిని ఎర్రబరిచే నాచు, ఆ నాచు తిన్న ఆల్చిప్పలు. నలభై దాటాక దారి మారింది. సీసం, పాదరసం, పడవల అడుగున పూసే రంగుల్లోంచి నీళ్ళలో కలిసే తగరం. ఇరవై మూడో వరస చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది.

‘తూర్పు రేవు ఆల్చిప్పల్లో పక్షవాత విషం లేదనడానికి రుజువు: ఆరు నమూనాలు.’

“ఇది మీకు తెలుసా?” అని అడిగింది చెల్లెలు.

“విన్నట్టుంది” అన్నాను.

వినడం కాదు, ఆ పేపరు పుట్టడానికి కారణమే నేను. తొమ్మిదేళ్ళ కిందట ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో ఆల్చిప్పలు తిని ఆరుగురు చనిపోయారు. పెదాలు తిమ్మిరెక్కాయన్నారు, తర్వాత వేళ్ళు, తర్వాత ఊపిరి అందలేదు. అప్పుడు నేను ఇన్‌స్పెక్టర్ని. పడమటి బండల దగ్గర ఆల్చిప్పలు ఏరడం మీద నిషేధం ఉంది. తూర్పు రేవులో లేదు. వంటాయన తూర్పు రేవులోనే కొన్నానన్నాడు. తూర్పు రేవు నుంచి ఆరు నమూనాలు తెప్పించి విషాల డాక్టరుకు ఇచ్చాం. వాటిలో విషం లేదని ఆమె తేల్చింది. అంటే వంటాయన అబద్ధమాడాడు, దొంగతనంగా పడమటి బండల దగ్గర తెచ్చి వండాడు. కోర్టు అలాగే నమ్మింది. నాలుగేళ్ళు వేసింది. రెండో ఏడు జైల్లోనే పోయాడు. ఆయన భార్య ఏడాది పాటు మా స్టేషన్ బల్ల మీద వచ్చి కూర్చునేది. “మా ఆయన అబద్ధం చెప్పడమ్మా, చెప్పడం రాదు” అనేది. కోర్టులో చెప్పుకోమన్నాను.

చెల్లెలు తెచ్చిన ఈ కేసు ఒప్పుకోకుండా ఉండాల్సింది. ఒప్పుకున్నాను.

* * *

బుధవారం మధ్యాహ్నం రెండింటికి ల్యాబుకు వెళ్ళాను. ఆత్మహత్యే అని తేల్చేశారు కాబట్టి సీలు ముందురోజే తీసేశారు. తలుపు తీసింది ల్యాబు అసిస్టెంటు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. నడుముకు తాళాల గుత్తి, నడిస్తే గలగలమంటుంది. అక్కడందరూ ఆయన్ని తాళాలాయన అంటారు.

గది శుభ్రంగా ఉంది. కిటికీ పక్కన కంప్యూటరు, దాని ముందు కుర్చీ. ఎదురుగా అద్దాల బీరువా, అందులో ఒకే పరిమాణంలో చిన్న చిన్న సీసాలు. మూడో అరలో ఒక సీసా ఉండాల్సిన చోట గుండ్రటి ఖాళీ. కాఫీ ఫ్లాస్కు, కప్పు పోలీసులు తీసుకెళ్ళారు. విషం కాఫీలో కలిసింది.

“రోజూ ఎన్నింటికి తాగేవారు?”

“అన్నం తిన్నాక ఒంటిగంటన్నరకి అమ్మా. గడియారం చూడక్కర్లేదు, ఆవిడ కప్పు చప్పుడు వింటే చాలు.”

“ఆదివారం మీరు వచ్చారా?”

“లేదమ్మా. సెలవు కదా.” చెప్పి, తాళాల గుత్తిలో దేనికోసమో వెతకసాగాడు.

గది వెనక, చిన్న అడ్డుగోడ అవతల బీరువా అంత ఫ్రీజరు ఉంది. దాని వెనకవైపు, ఒక గాజుమూత కింద గుండ్రటి కాగితం తిరుగుతోంది. సన్నటి కలం ఒకటి దాని మీద గీత గీస్తోంది. లోపలి చల్లదనం ఎంతుందో వారమంతా అదే రాసుకుంటుంది. అంచున రోజుకు రెండు సంతకాలు, పన్నెండింటికి ఒకటి, నాలుగింటికి ఒకటి. వారం అయ్యాక తీసేసిన కాగితాలు పక్కనే మేకుకు గుచ్చి ఉన్నాయి. పైనున్నది తీశాను. ఆదివారంతో ముగిసిన వారం.

ఆదివారం పన్నెండు: మైనస్ ఎనభై, సరి. సంతకం. ఆదివారం నాలుగు: మైనస్ ఎనభై, సరి. సంతకం.

కలం గీత మాత్రం వేరే చెబుతోంది. ఆదివారం మధ్యాహ్నం మూడింటి దాకా తిన్నగా ఉంది. అక్కడ పంటిలాగా పైకి లేచి మైనస్ అరవై దాకా వెళ్ళింది. నాలుగింటికి ఇంకా డెబ్భై దగ్గరే ఉంది.

“ఇది మీ సంతకమేనా?”

ఆయన దగ్గరికొచ్చి చూశాడు. తాళాలు గలగలమనడం ఆగిపోయింది.

“సెలవు రోజున ఎలా వచ్చింది? పోనీ వచ్చారే అనుకుందాం. నాలుగింటికి డెబ్భై ఉంటే ఎనభై అని ఎలా రాశారు?”

ఆయన అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు.

“పన్నెండింటికి నిజంగా ఉన్నానమ్మా. ఆవిడ ఆదివారాలు కూడా వచ్చేది, నేనూ వచ్చేవాణ్ణి. పన్నెండున్నరకి ‘నువ్వు ఇంటికెళ్ళు, ఒకాయన వస్తానన్నాడు, విడిగా మాట్లాడాలి’ అంది. వెళ్ళిపోయాను. సోమవారం పొద్దున తలుపు తీసి ఆవిణ్ణి చూశాను. చూశాక... పోలీసులకి ఫోన్ చెయ్యకముందే ఆ నాలుగింటి సంతకం పెట్టాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ తెలీదు. వదిలేసి వెళ్ళానని ఎవరన్నా అంటారని భయమేసింది. సంతకమే కదా అనుకున్నాను.”

ఆయన మీద కోప్పడాల్సింది. కోప్పడలేదు.

తొమ్మిదేళ్ళ కిందట తూర్పు రేవు నమూనాలకు సంబంధించిన సేకరణ పత్రం మీద, ‘ఉదయం ఆరూ ఇరవై, నా సమక్షంలో’ అన్న మాట కింద ఉన్న సంతకం నాది. ఆ ఉదయం ఆరూ ఇరవైకి నేను మా ఇంట్లో దుప్పటి కప్పుకుని ఉన్నాను. బయట జోరువాన. నా కింద పనిచేసే సబ్ ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేసి, “నువ్వెళ్ళి పట్రా, నేను వచ్చి సంతకం పెడతాలే” అన్నాను. పిల్లకు జ్వరం లేదు, నాకు ఒంట్లో బాగాలేకపోవడమూ కాదు. చలిగా ఉంది, అంతే. పదింటికి స్టేషనుకు వెళ్ళి పెట్టాను. సంతకమే కదా అనుకున్నాను.

“ఫ్రీజర్లోంచి ఏం పోయింది?” అన్నాను ఎలాగో.

“ఇరవై మూడో పెట్టె. ఆరు పొట్లాలు. ఆవిడ ఆర్నెల్ల కిందట వాటినే తీసి మళ్ళీ పరీక్ష చేసింది.”

“ఏం పరీక్ష?”

ఆయన తన టేబుల్ సొరుగులోంచి ఒక రిజిస్టరు తెచ్చాడు. అది ఆయన సొంత రిజిస్టరు. ఏ నమూనా ఎప్పుడు బయటికి తీశారు, ఎందుకు తీశారు, ఏం తేలింది, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టుకున్నాడు. వేలు పెట్టి చదివాడు. “పెట్టె ఇరవై మూడు. తగరం పరీక్ష. ఒకటోది, లేదు. రెండోది, లేదు. మూడోది, లేదు...” ఆరుసార్లు లేదు అని చదివి నా వైపు చూశాడు. “తగరం లేకపోతే మంచిదే కదమ్మా? ఆవిడేమో ఆ రోజు అన్నం తినలేదు.”

జాబితాలో యాభై ఒకటో పేపరు గుర్తొచ్చింది. తూర్పు రేవులో పడవలకు రంగులు వేసే యార్డు ఉంది. పదిహేనేళ్ళుగా అక్కడ ఏరిన ప్రతి ఆల్చిప్పలోనూ తగరం ఉందని ఆమే రుజువు చేసింది. తగరం లేదంటే ఆ ఆరూ తూర్పు రేవువి కావు. విషం లేని ఆల్చిప్పల్ని వేరే ఎక్కడినుంచో తెచ్చారు. తూర్పు రేవులో విషం లేదనడానికి అసలు రుజువే లేదు. వంటాయన నిజమే చెప్పాడు.

రిజిస్టరు మూశాను.

“ఆదివారం వచ్చిన ఆ ఒకాయన ఎవరు? గేటు దగ్గర ఎదురుపడ్డాడా?”

తాళాలాయన నోరు తెరిచాడు. అంతలో వాకిట్లోంచి గొంతు వినిపించింది.

“ఏం తాతా, మేడమ్‌కి పాఠం చెప్తున్నావా?”

ఆయన నోరు మూసుకున్నాడు.

* * *

అతన్ని డిపార్టుమెంటులో అందరూ చువ్వ అనేవాళ్ళం. సన్నగా, నిటారుగా, ఎటూ వంగని మనిషి. తొమ్మిదేళ్ళ కిందట ఆ వానలో నేను పంపించిన సబ్ ఇన్‌స్పెక్టరు అతనే. ఇప్పుడు నేను వదిలేసిన కుర్చీలో ఇన్‌స్పెక్టరు.

“మూసేసిన కేసులో మీకేం పని మేడమ్?” అన్నాడు నవ్వుతూ.

“మూసింది నువ్వు. చెల్లెలు తెరిపించింది.”

“పాపం, దుఃఖంలో ఉన్న మనిషి. ఆవిడ దగ్గర ఫీజు తీసుకోవడం మీకు తగునా?”

“తీసుకోలేదు. డాక్టరు రిపోర్టు ఏమంటోంది? ఎన్నింటికి పోయింది?”

“రెండు, రెండున్నర మధ్య.”

“ఉత్తరం కంప్యూటర్లో ఎన్నింటికి సేవ్ అయింది?”

“మూడూ పన్నెండు. డాక్టర్ల అంచనాలు గంట అటూ ఇటూ ఉంటాయి. ఆ మాట నాకు నేర్పింది మీరే.”

“ఇంకోటి కూడా నేర్పాను. ఈ విషం ఊపిరి కంటే ముందు వేళ్ళని పడగొడుతుంది. ఒంటిగంటన్నరకి కాఫీ తాగిన మనిషి మూడింటికి లేచి ఫ్రీజరు తెరిచి, పొట్లాలు తీసి, వచ్చి టైపు చేసిందా? వాక్యం మధ్యలో కామాతో సహా?”

“ఫ్రీజరు సంగతి ఎవరన్నారు?”

“ఫ్రీజరే అంది.” గుండ్రటి కాగితం చూపించాను. అతను దాన్ని చూసిన చూపులో ఒక్క క్షణం నవ్వు లేదు. అలాంటిదొకటి అక్కడ తిరుగుతోందని అతనికి తెలియదు.

“పాత మిషను” అన్నాడు.

“ఆ రెండు వాక్యాలూ ఒక ఉత్తరంలోవి. మిగతాది చెరిపేశారు.”

“ఏంటి మేడమ్, రెండు పేజీల ఉత్తరం కూర్చుని చెరిపి, రెండు వాక్యాలు మిగిల్చేంత తీరిక ఎవరికుంటుంది?”

“రెండు పేజీలని నేను చెప్పలేదే.”

చువ్వ తాళాలాయన వైపు తిరిగి, “తాతా, నువ్వెళ్ళి టీ తాగిరా” అన్నాడు. ఆ ముసలాయన తల ఎత్తకుండా, అతనికి వీలైనంత దూరంగా గోడ వెంబడి నడిచి వెళ్ళిపోయాడు. ఎదురుపడ్డ మనిషెవరో నాకింక ఎవరూ చెప్పక్కర్లేదు.

చువ్వ తలుపు దగ్గరికి వేశాడు.

“ఆ రోజు వాన మీకు గుర్తుందా?” అన్నాడు. గొంతు మారలేదు. ఇద్దరం పాత రోజులు తలుచుకుంటున్నట్టే ఉంది. “ఆరింటికి వెళ్ళాను. పోటు మీదుంది సముద్రం. ఆల్చిప్పలు రెండు నిలువుల లోతులో ఉన్నాయి. పన్నెండింటి దాకా నీళ్ళు దిగవన్నారు. పది కల్లా సంతకం పెడతానన్నారు మీరు. దారిలో ఆల్చిప్పల పెంపకం కేంద్రం ఉంది. ఆరు తీసుకున్నాను. ఎక్కడివైతే ఏముందిలే అనుకున్నాను. వంటాయన దొంగని మనమిద్దరం ముందే అనుకున్నాం కదా.”

“అనుకున్నాం” అన్నాను.

“ఆదివారం ఆవిడ ముందు మీకు చేసింది. మూడుసార్లు. ఆవిడ ఫోన్ రికార్డు నా దగ్గరే ఉంది. మీరు తీయలేదు. తీసి ఉంటే నాకు చేసేది కాదు.”

మూడు రోజులుగా నాకు నేను చెప్పుకోకుండా తప్పించుకుంటున్న మాట అది. అతని నోటితో విన్నాను.

“నువ్వే చంపావు” అన్నాను చివరికి.

“ఎవరంటారు? ఆ సేకరణ పత్రం మీద నా సంతకం లేదు మేడమ్, మీదే ఉంది. ఆ రోజు నాకు సెలవని రిజిస్టర్లో రాసుంది. తర్వాత నేనే రాయించుకున్నాను, భయమేసి. కాగితాల ప్రకారం తూర్పు రేవుకి వెళ్ళింది మీరు. తప్పుడు నమూనాలు ఇచ్చింది మీరు. ఆ ఉత్తరం బయటికొస్తే ఆవిణ్ణి చంపడానికి కారణం ఉన్న మనిషి ఈ ఊరు మొత్తంలో ఒక్కరే. మీరు.” చేతిలోని టోపీ దులుపుకున్నాడు. “అందుకే చెప్తున్నాను. ఆ ఉత్తరం దొరక్కుండా ఉంటే ఇద్దరికీ మంచిది.”

నేను గుండ్రటి కాగితాన్ని, రిజిస్టరును సంచిలో పెట్టుకుని బయటికి నడిచాను. అతను ఆపలేదు. ఆపాల్సిన అవసరం లేదని అతనికి తెలుసు.

* * *

వీధిలోకి రాగానే చెల్లెలికి ఫోన్ చేశాను.

“ప్రూఫు దిద్దేవాళ్ళు నకలు ఉంచుకోకుండా అసలు వెనక్కిచ్చేస్తారా?” అన్నాను.

“నేనే చేస్తాను” అని పెట్టేసింది. పది నిమిషాలకు చేసింది. “ప్రెస్సుకు రండి. అయిదుంబావుకి” అంది.

రెండు గంటల టైముంది. నడిచే వెళ్ళాను. ఆ దారంతా నేనేం ఆలోచించానో దాచడం ఇప్పుడు అనవసరం. నకలు ఒక్కటే ఉండి ఉంటుంది. రెండు పేజీలు. చేతికి తీసుకుంటాను, ఆధారంగా భద్రపరుస్తానంటాను, ఆవిడ నమ్ముతుంది. ఒక అగ్గిపుల్ల చాలు. వంటాయన ఎలాగూ లేడు. డాక్టరూ లేదు. ఉన్నది నేను, నా కూతురు, నా పేరు. ఒక వీధి మలుపులో కొట్టు దగ్గర ఆగి నిజంగానే అగ్గిపెట్టె కొన్నాను.

ప్రెస్సు కింద మిషను నడుస్తోంది. మెట్లెక్కుతుంటే పాదాల కింద గచ్చు అదురుతోంది. పైగదిలో చెల్లెలు ఒక్కతే ఉంది. టేబుల్ మీద ప్రూఫుల దొంతర, ఎర్రసిరా కలం. నేను కూర్చోగానే రెండు కాగితాలు నా ముందుకు జరిపింది.

చదివాను. ఆటుపోట్ల పట్టిక ప్రకారం ఆ రోజు నీళ్ళు దిగింది పదకొండూ యాభైకి అని రాసింది. ఆరూ ఇరవైకి ఆ ఆల్చిప్పల్ని ఏరడం ఎవరి తరమూ కాదని రాసింది. ఆరు నమూనాల్లోనూ తగరం లేదని రాసింది. ‘ఇది నేను తొమ్మిదేళ్ళ కిందటే అడగాల్సిన ప్రశ్న. ఫలితం అందరికీ అనుకూలంగా ఉంది కాబట్టి అడగలేదు’ అని రాసింది. రెండో పేజీ మధ్యలో, సేకరించినట్టు సంతకం చేసిన అధికారి అని, నా పూర్తి పేరు, హోదా.

తలెత్తాను. చెల్లెలు నన్నే చూస్తోంది.

“మీకు ముందే తెలుసు” అన్నాను.

“మీ పేరు చూసే మీ దగ్గరికొచ్చాను. ఊళ్ళో డిటెక్టివులు లేకనా?” ఎర్రసిరా కలానికి మూత పెట్టింది. “మీరే చంపారేమో అనుకున్నాను. ఎదురుగా కూర్చోబెట్టి ఆ జాబితా చూపిస్తే మొహంలో తెలుస్తుందనుకున్నాను. ‘విన్నట్టుంది’ అన్నారు. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు.”

సంచిలో అగ్గిపెట్టె ఉంది. చెయ్యి దాని మీదే ఉంది. తీసి టేబుల్ మీద పెట్టాను.

“ఇది మీ కాగితాలు కాల్చడానికి కొన్నాను” అన్నాను. “ఆదివారం మీ అక్క నాకు మూడుసార్లు ఫోన్ చేసింది. నేను తీయలేదు. అక్కణ్ణుంచి మొదలుపెట్టి అంతా చెప్తాను. వినండి.”

చెప్పాను. వాన, దుప్పటి, సంతకం, బల్ల మీద కూర్చునే వంటాయన భార్య, అన్నీ. చువ్వ అన్న ప్రతి మాటా చెప్పాను. ఫ్రీజరు కాగితం, రిజిస్టరు ఆమె ముందు పెట్టాను. ఆమె ఏడవలేదు. కాసేపటికి ఒక తెల్లకాగితం తీసి ఇచ్చింది.

“రాయండి.”

రాశాను. ‘ఆ ఉదయం నేను తూర్పు రేవుకు వెళ్ళలేకపోయాను. అయినప్పటికీ పత్రం మీద సంతకం చేయడం జరిగింది.’

ఆమె తీసుకుని చదివి, ఎర్రసిరా కలంతో ‘వెళ్ళలేకపోయాను’ కొట్టేసింది. పైన ‘వెళ్ళలేదు’ అని రాసింది. “వెళ్ళలేకపోవడం వేరు, వెళ్ళకపోవడం వేరు” అంది. తర్వాత ‘చేయడం జరిగింది’ కొట్టేసి ‘చేశాను’ అని రాసింది. “జరగడానికి అదేమన్నా వానా?”

మళ్ళీ రాశాను. ఈసారి ఆమె ఏదీ కొట్టేయలేదు. ఆ రోజు ఎవర్ని పంపానో రాశాను. సెలవు రిజిస్టరు ఏం చెప్పినా ఆనాటి జీపు డైరీలో నడిపిన మనిషి పేరు ఉండి తీరుతుందని రాశాను. తేదీ వేసి సంతకం పెట్టాను. సాక్షిగా ఆమె పెట్టింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి నా ఊపిరి నాకు తేలిగ్గా అందింది.

“ఈ రెండూ రేపు పొద్దున్నే నేరుగా జడ్జి గారి దగ్గరికి తీసుకెళ్దాం” అన్నాను. “అప్పటిదాకా ఈ నకలు ఉన్నట్టు ఎవరికీ తెలియకూడదు. ముఖ్యంగా అతనికి.”

చెల్లెలు కలం కింద పెట్టేసి గోడ గడియారం వైపు చూసింది.

“ఏమైంది?”

“మీరు ఫోన్ చేశాక నేను ఇన్‌స్పెక్టరు గారికి చేశాను” అంది. “మీ మీదే కదా నా అనుమానం... నకలు నా దగ్గరుందని చెప్పాను, మీరు దాని కోసం వస్తున్నారని చెప్పాను. అయిదుంబావుకి పిలవమన్నది ఆయనే. మిమ్మల్ని మాటల్లో పెట్టమన్నారు. గొడవ జరిగితే మిగతావాళ్ళకి దెబ్బలు తగులుతాయి, అయిదున్నరకల్లా ప్రెస్సులో అందర్నీ ఇళ్ళకి పంపించెయ్యమన్నారు. ఆ టైముకి మిషను ఆపి వెళ్ళిపొమ్మని, పోలీసుల మాటగా, మీరు రాకముందే అందరికీ చెప్పేశాను.”

అప్పుడు గమనించాను. పాదాల కింద అదురు ఎప్పుడో ఆగిపోయింది. మిషను ఆగిపోయింది. కింద మనుషుల మాటలు లేవు.

“వెనక మెట్లున్నాయా?”

ఆమె లేదన్నట్టు తల ఊపింది.

నేను లేచి కాగితాలన్నీ మడిచి ఆమె జాకెట్టులో పెట్టుకోమన్నాను. గది తలుపు గడియ కోసం చూశాను. దానికి గడియ లేదు.

కింద షట్టరు గరగరమంటూ కిందికి దిగింది. ఎవరో దాన్ని లోపలి నుంచి వేస్తున్నారు.